బెయిలు వచ్చిన తేదీ, బయటికొచ్చిన తేదీ

ప్రశ్న: నమస్కారం మేడమ్. మాది మదనపల్లె దగ్గర ఒక పల్లె. నాకు 29 ఏళ్లు. బెంగళూరు బెళ్లందూరులో ఉంటూ ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో డేటా అనలిస్టుగా పనిచేస్తున్నాను. ఊళ్లో మా పక్కింటి అబ్బాయి, 23 ఏళ్లవాడు, ఇక్కడే ఫుడ్ డెలివరీ చేసేవాడు. సెకండ్ హ్యాండ్ ఫోన్లు రెండు కొని అమ్మాడు. అవి దొంగ ఫోన్లట. మూడు నెలల కిందట అరెస్టు చేశారు. పరప్పన అగ్రహార జైల్లో ఉన్నాడు. బెయిలు వచ్చి 70 రోజులైంది. యాభై వేల బాండు, ఒక లోకల్ షూరిటీ, అంటే ఇక్కడి జామీనుదారు, కావాలన్నారు. వాళ్ల నాన్న టమోటా రైతు. రెండెకరాల పాసుబుక్కు పట్టుకుని కోర్టుకొస్తే "ఆంధ్రా భూమి ఇక్కడ చెల్లదు" అని తిప్పి పంపారు. బయట ఒకాయన పదిహేను వేలిస్తే షూరిటీకి మనిషిని తెస్తానంటున్నాడు. ఇవ్వమంటారా?

ఇంకో సంగతి. ములాఖత్‌కి వెళ్లొచ్చిన రోజు నుంచి నాకు సరిగ్గా నిద్ర లేదు. ఉద్యోగం మానేసి జైళ్ల సంస్కరణల మీద రీసెర్చ్ చేయాలనీ, ఏదైనా ఎంఏలో చేరాలనీ ఉంది. అమ్మతో అంటే "దొంగలకు సేవ చేయడానికా నిన్ను చదివించింది" అని ఏడ్చింది. నేనొక్కదాన్నే ఏం చేయగలను? ఎక్కడ మొదలుపెట్టాలి?

- ఒక పాఠకురాలు, బెళ్లందూరు

జవాబు: అమ్మాయీ, నా కూతురి వయసుదానివి, "నువ్వు" అనే రాస్తాను. ఏమీ అనుకోకు. నీ రెండో ప్రశ్న పెద్దది, మొదటిది తొందరది. తొందరదే ముందు చూద్దాం.

పదిహేను వేలు ఇవ్వొద్దు. వాళ్ల నాన్న ఈపాటికి ఎవరి దగ్గరో వడ్డీకి మాట్లాడుకుని ఉంటాడు, ఫోన్ చేసి ఆపు. నాది హిందూపురం. ఈ ఊరొచ్చి ఇరవై నాలుగేళ్లు లీగల్ ఎయిడ్ ప్యానెల్‌లో లాయరుగా చేశాను. కోర్టు బయట టీ కొట్టు దగ్గర కూర్చునే షూరిటీ దళారులు నాకు రోజూ నమస్కారం పెట్టేవాళ్లు. ఒకే పహణీ, అంటే భూమి కాగితం, నలుగురు ముద్దాయిలకు తిరగడం చూశాను. చనిపోయిన మనిషి ఆధార్ మీద బతికున్నవాడి ఫోటో చూశాను. అది బయటపడిన రోజు దళారి ఫోన్ స్విచాఫ్. బెయిలు రద్దయ్యేది మీ అబ్బాయికి, ఫోర్జరీ కేసు కొత్తగా మెడకు చుట్టుకునేదీ మీ అబ్బాయికే. ఇప్పుడున్న కేసులో శిక్ష పడితే మహా అయితే మూడేళ్లు. ఆ రెండోది అంతకంటే బరువైనది.

చేయాల్సిన పనులు చెప్తాను. ముందు బెయిలు ఆర్డరు నకలు సంపాదించు. కేసుకు అక్షరాలూ అంకెలూ కలిసి 16 ఉండే సీఎన్‌ఆర్ నంబరు ఒకటుంటుంది. ఈ-కోర్ట్స్ యాప్‌లో అది కొడితే వాయిదాలు కనిపిస్తాయి, ఆర్డరు ఎక్కించి ఉంటే అదీ దొరుకుతుంది. అందులో "లోకల్ షూరిటీ" అన్న మాట నిజంగా రాసి ఉందా, లేక కౌంటరు దగ్గర ఎవరో నోటితో చెప్పారా అన్నది చూడు. నేను చూసిన కేసుల్లో జడ్జిగారు రాసింది "ఒక షూరిటీ" అని మాత్రమే. "లోకల్" అనేది కాగితం బెంచి మీంచి కౌంటరుకు దిగే లోపల వచ్చి చేరేది. రాతలో లేకపోతే మీ లాయరు ఆ సంగతి కోర్టు ముందు పెడితే చాలు, సగం పని అయినట్టే. ఆర్డరు కన్నడంలో ఉంటే కంగారుపడకు. మన అక్షరాలకు తోబుట్టువులే, కూడబలుక్కుంటే విషయం తెలిసిపోతుంది.

ఆ అబ్బాయిని ఇంకో మాట సూటిగా అడుగు: ఇదొక్కటే కేసా, ఇంకెక్కడైనా ఉందా? మొహమాటపడకు. ఇంకో స్టేషన్లో కేసు ఉంటే ఇక్కడ షూరిటీ పెట్టి గేటు దాకా తెచ్చుకున్నాక పీటీ వారెంటు (ఖైదీని ఇంకో కేసులో హాజరుపరచమనే ఆర్డరు) మీద అట్నుంచి అటే తీసుకెళ్తారు. అమ్మానాన్నలకు చెప్పనివి పిల్లలు బయటివాళ్లకు చెప్తారు.

వాళ్లు లాయర్ని పెట్టుకున్నారో లేదో నువ్వు రాయలేదు. పెట్టుకున్నా, ఆ లాయరు ఫోన్ ఎత్తకపోయినా, ఉచితంగా లాయరు దొరుకుతాడు. 1987 నాటి లీగల్ సర్వీసెస్ చట్టం 12వ సెక్షన్ ప్రకారం కస్టడీలో ఉన్న మనిషికి ఆదాయం ఎంత అన్న ప్రశ్న లేకుండా ఈ హక్కు ఉంది. 15100కి ఫోన్ చెయ్యి, లేదా జిల్లా లీగల్ సర్వీసెస్ అథారిటీ ఆఫీసుకు నేరుగా వెళ్లు. రాష్ట్ర అథారిటీ సిద్దయ్య రోడ్డులోని న్యాయ దేగుల భవనంలో ఉంది. ఫోన్ కంటే మనిషి వెళ్తే మేలు, చేతిలో అర్జీ ఉంటే ఇంకా మేలు, దాని మీద వాళ్ల ముద్ర వేయించుకుంటే అన్నిటికన్నా మేలు.

ఇక ఆ పాసుబుక్కు. నీ ఉత్తరంలో ఆ వాక్యం దగ్గర చాలాసేపు ఆగిపోయాను. ఈ గొడవ 1978లోనే సుప్రీంకోర్టులో తేలిపోయింది మరి. మధ్యప్రదేశ్‌లో మోతీరామ్ అని ఒక తాపీమేస్త్రి. సుప్రీంకోర్టే అతనికి బెయిలిస్తే, కింద మేజిస్ట్రేటు పదివేలకు షూరిటీ అడిగాడు. ఆ రోజుల్లో పదివేలంటే ఒక తాపీమేస్త్రికి ఎన్నేళ్ల కూలో లెక్కేసుకో. సొంత తోడబుట్టినవాడు షూరిటీకి వస్తే, మనిషీ ఆస్తీ వేరే జిల్లాలో ఉన్నాయని కాదన్నాడు. జస్టిస్ కృష్ణయ్యర్‌కు ఒళ్లు మండింది. బస్తర్‌లోనో పోర్ట్ బ్లెయిర్‌లోనో అరెస్టయిన మలయాళీయో, కన్నడిగుడో, తమిళుడో, ఆంధ్రుడో ఏం చేయాలి, అంత దూరంలో ఆస్తి ఉన్న జామీనుదారు వాడికి ఎక్కణ్నుంచి వస్తాడు అని తీర్పులోనే అడిగారు. అవును, ఆంధ్రుడు అని పేరు పెట్టి మరీ అడిగారు. వెయ్యి రూపాయల సొంత బాండు మీద మోతీరామ్‌ను వదలమన్నారు. మదనపల్లె నుంచి బెంగళూరు నూట ఇరవై కిలోమీటర్లు. మీ పక్కింటాయన టమోటా లారీ తెల్లారేసరికి ఇక్కడి మార్కెట్లో ఉంటుంది. ఆ పండిన పొలం కాగితం మాత్రం ఇంకా రాష్ట్రం దాటలేకపోతోంది.

మోతీరామ్ పాత ముచ్చట అని ఎవరైనా అంటే కొత్తది కూడా ఉంది. 2023 జనవరి 31న సుప్రీంకోర్టు కొన్ని ఆదేశాలిచ్చింది. బెయిలు ఆర్డరు కాపీ అదే రోజో మర్నాడో జైలుకు ఈమెయిల్లో వెళ్లాలి. బెయిలు వచ్చిన తేదీని జైలు అధికారులు ఈ-ప్రిజన్స్ సాఫ్ట్‌వేర్‌లో ఎక్కించాలి. వారం రోజుల్లో మనిషి బయటికి రాకపోతే సూపరింటెండెంట్ జిల్లా లీగల్ సర్వీసెస్ సెక్రటరీకి తెలియజేయాలి. ఆయన ఆ కుటుంబం స్థితిగతుల మీద రిపోర్టు తయారు చేయించి, షరతులు సడలించమని కోర్టును కోరవచ్చు. నెల దాటితే కోర్టే తనంతట తాను షరతులను తిరిగి చూడవచ్చు. ముందు వదిలితే బయటికొచ్చి షూరిటీ తెచ్చుకుంటానని ఖైదీ అడిగితే, కొద్ది రోజులకు తాత్కాలిక బెయిలు కూడా ఇవ్వవచ్చు. చివరి మాట మీ కోసమే రాసినట్టుంటుంది: విడుదల ఆలస్యం కావడానికి లోకల్ షూరిటీ పట్టుదల ఒక కారణం, అలాంటి కేసుల్లో ఆ షరతు పెట్టకుండా ఉండవచ్చు.

మీవాడికి 70 రోజులైంది. వారం దాటింది, నెలా దాటింది. కాబట్టి లాయరు చేత షరతు సడలింపు పిటిషన్ వేయించు. మోతీరామ్ తీర్పు, ఈ 2023 ఆదేశం, బాండు మొత్తం మితిమీరకూడదని చెప్పే బీఎన్‌ఎస్‌ఎస్ (సీఆర్‌పీసీ బదులు వచ్చిన కొత్త చట్టం) 484వ సెక్షన్, మూడూ అందులో ఉండాలి. వాళ్ల నాన్న పాసుబుక్కునే ఒప్పుకోమని అడగండి. అది కుదరకపోతే షూరిటీ బదులు కొంత డబ్బు కోర్టులో డిపాజిట్ చేస్తామని అడగండి, చట్టంలో ఆ వీలుంది. పేద ఖైదీలకు సాయం కింద కేంద్ర హోంశాఖ 2023 నుంచి విచారణ ఖైదీకి బెయిలు కోసం డబ్బు ఇచ్చే స్కీము కూడా ఉంది, లీగల్ సర్వీసెస్ ఆఫీసులోనే అడగాలి. నాకు ఆ స్కీము మీద ఒక గుర్రు. అది డబ్బు ఇస్తుంది, మనిషిని ఇవ్వదు. కోర్టు మనిషిని అడుగుతుంటే డబ్బు చేతిలో పెట్టుకుని ఏం చేస్తాం? అందుకే ముందు షరతును మనిషి నుంచి డబ్బుకు మార్పించుకోవాలి, ఆ తర్వాతే స్కీము.

ఎవరైనా "479 సెక్షన్ ఉంది కదా, మూడోవంతు అయితే వదిలేస్తారట" అంటారు. నిజమే, మొదటిసారి కేసులో ఇరుక్కున్నవాడు గరిష్ట శిక్షలో మూడోవంతు జైల్లో గడిపితే వదలాలి. ఆ కొత్త చట్టం అమల్లోకి వచ్చిన 2024 జులైకి ముందు కేసులకూ ఇది వర్తిస్తుందని అదే ఏడాది ఆగస్టులో సుప్రీంకోర్టు చెప్పింది. కానీ మూడేళ్లలో మూడోవంతు అంటే ఏడాది. బెయిలు వచ్చినవాణ్ని ఏడాది దాకా ఎందుకు ఉంచాలి? ఆ మాట వినకు.

ఇప్పుడు నీ నిద్ర సంగతి.

ములాఖత్‌లో ఏం చూశావో నువ్వు రాయలేదు, నేను అడగను. మొదటిసారి వెళ్లినవాళ్లు చెప్పేది ఒకటే: లోపల ఇంతమంది ఉన్నారా అని. 2022 చివరికి దేశంలోని జైళ్లన్నీ కలిపి 4,36,266 మందికి చోటుంది. ఉన్నది 5,73,220 మంది. అందులో విచారణ ఖైదీలే 4,34,302. మళ్లీ చదువు. శిక్ష పడనివాళ్లతోనే ఉన్న చోటు దాదాపు మొత్తం నిండిపోయింది. శిక్ష పడినవాళ్లంతా ఆ పైన, ఇరుకులో ఇరుకుగా. నువ్వు అంకెలతో పనిచేసేదానివి, ఈ లెక్క నీకు నాకంటే బాగా గుచ్చుకుంటుంది.

ఒక ఆదివారం ఫ్రీడమ్ పార్కుకు వెళ్లు. మెజెస్టిక్‌కు దగ్గరే, శేషాద్రి రోడ్డు మీద. అది ఈ ఊరి పాత సెంట్రల్ జైలు. ఎమర్జెన్సీలో వాజ్‌పేయి, ఆడ్వాణీ, మధు దండవతే ఉన్నది అక్కడే. ఆ పేర్లు అందరూ చెప్తారు. నేను వెళ్లినప్పుడు తలచుకునేది స్నేహలతా రెడ్డి గారిని. మన నెల్లూరి కవి పఠాభి గారి భార్య, నటి, ఆస్తమా మనిషి. 1976 మేలో పట్టుకెళ్లి ఎనిమిది నెలలు ఉంచారు. 1977 జనవరి 15న పెరోల్ మీద వదిలారు, 20న పోయారు. రాత్రిపూట ఆవిడ కేకలు వినిపించేవని దండవతే తర్వాత రాశారు. ఆవిడ లోపల ఉండగానే డైరీ రాసుకున్నారు, తోటి ఆడ ఖైదీల తిండి గురించీ దెబ్బల గురించీ పోట్లాడారు. విచిత్రం చూడు, ఇప్పుడు బెంగళూరులో ధర్నా చేయాలంటే ఆ పాత జైలు ఆవరణలోకే వెళ్లాలి, ఊళ్లో ఇంకెక్కడా ఒప్పుకోరు.

ఉద్యోగం మానొద్దు. ఇప్పుడే మానొద్దు అని కూడా అనను, అసలు మానాలా వద్దా అన్నది ఏడాది తర్వాత చూసుకో. ఈ రంగంలో జీతాలు తక్కువ, ప్రాజెక్టు డబ్బు ఆగితే జీతమూ ఆగుతుంది. అంతకంటే పెద్ద కారణం ఒకటుంది. ఇక్కడ కన్నీళ్లు పెట్టుకునేవాళ్లకు కొదవ లేదు, లెక్కపెట్టేవాళ్లే తక్కువ. జైలు సంస్కరణల మీద పెద్ద హోటళ్లలో సదస్సులు జరుగుతాయి, భోజనాలు బాగుంటాయి, నేనూ తిన్నాను. ఫలానా జైల్లో బెయిలు వచ్చీ కదలనివాళ్లు ఈ రోజుకు ఎంతమంది అని అడిగితే స్టేజీ మీద ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు.

ఈ దేశంలో కదలిక వచ్చినప్పుడల్లా వెనకాల ఎవరో కూర్చుని జాబితా రాసి ఉంటారు. 1979లో రుస్తుంజీ అని ఒక పోలీసు పెద్దాయన, జాతీయ పోలీసు కమిషన్ సభ్యుడు, బీహార్ జైళ్లకు వెళ్లొచ్చి పేపర్లో రాశాడు. పడగలిగే శిక్ష కంటే ఎక్కువ కాలం విచారణ ఖైదీలుగానే మగ్గుతున్నవాళ్ల గురించి. ఆ కాగితాలు పట్టుకుని కపిలా హింగోరాణీ అనే లాయరమ్మ సుప్రీంకోర్టుకు వెళ్లింది. హుస్సేనారా ఖాతూన్ కేసు అంటే అదే. దాని వల్ల సుమారు నలభై వేల మంది బయటికొచ్చారు.

మన బెంగళూరు కథ కూడా ఒకటుంది, ఇక్కడివాళ్లకే సరిగ్గా తెలియదు. 1984లో ఇక్కడి సెంట్రల్ జైల్లోని ఖైదీ రామమూర్తి సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తికి ఉత్తరం రాశాడు. ఒళ్లొంచి పని చేయించుకుని కూలి సరిగ్గా ఇవ్వడం లేదని. కోర్టు ఆ ఉత్తరాన్నే కేసుగా తీసుకుని, జిల్లా జడ్జిని పంపి రిపోర్టు తెప్పించుకుంది. తీర్పు 1996 డిసెంబరులో వచ్చింది. కిక్కిరిసిన బ్యారక్‌లు, విచారణల ఆలస్యం, హింస, వైద్యం, తిండీ బట్టా, ఇంటివాళ్లతో మాట్లాడే వీలు లేకపోవడం... ఇలా తొమ్మిది జబ్బులు పేర్లు పెట్టి రాశారు. నేటికీ జైళ్ల మీద ఎవరు ఏం రాసినా ఆ తొమ్మిదింటి చుట్టూనే తిరుగుతారు. కూలి కోసం రాసిన ఒక ఉత్తరం దేశంలోని జైళ్లన్నిటికీ రోగాల చిట్టా అయింది. కాకపోతే పన్నెండేళ్లు పట్టింది. నేనొక్కదాన్ని ఏం చేయగలను అన్నావు కదా, రామమూర్తి జైల్లో కూర్చుని చేశాడు. అది చెప్పి నిన్ను ఉబ్బించను. ఆ పన్నెండేళ్లు కూడా గుర్తుపెట్టుకో.

అందుకే నీకు చిన్న ప్రశ్న ఒకటి ఇస్తాను. పైన చెప్పిన 2023 ఆదేశం వల్ల ఈ-ప్రిజన్స్‌లో రెండు తేదీలు ఉండాలి, బెయిలు వచ్చిన తేదీ, విడుదలైన తేదీ. ఈ రెంటి మధ్య తేడా ఏడు రోజులు దాటినవాళ్లు ఎంతమంది? నెలల వారీగా? అందులో కర్ణాటక బయట ఊరు ఉన్నవాళ్లెంతమంది? ఏటా వచ్చే జైలు గణాంకాల పుస్తకంలో ఖైదీల చదువు ఉంటుంది, వయసు ఉంటుంది, సొంత రాష్ట్రమా పరాయి రాష్ట్రమా అన్నదీ ఉంటుంది. ఆర్డరు చేతిలో పెట్టుకుని ఎన్నాళ్లు కూర్చున్నాడో తెలియాలంటే ఆ రెండు తేదీలే దిక్కు. పోలీసు, కోర్టులు, జైళ్ల పనితీరును బట్టి రాష్ట్రాలకు ర్యాంకులిచ్చే ఇండియా జస్టిస్ రిపోర్టులో 2022లోనూ 2025లోనూ పెద్ద రాష్ట్రాల్లో కర్ణాటకదే మొదటి స్థానం. 2025లో ఆంధ్ర రెండు, తెలంగాణ మూడు. మొదటి ర్యాంకు రాష్ట్రానికి రెండో ర్యాంకు రాష్ట్రం పాసుబుక్కు పనికిరాలేదు, అది ఏ ర్యాంకుకూ అందని సంగతి.

సమాచార హక్కు కింద అర్జీ పెట్టు. ఫీజు పది రూపాయలు, జవాబుకు 30 రోజులు. కర్ణాటకలో ఒక మెలిక ఉంది, అర్జీ 150 మాటలు దాటకూడదు, ఒక్క విషయం మీదే ఉండాలి. నీలాంటివాళ్లు మొదటి అర్జీలో పదిహేడు ప్రశ్నలు రాస్తారు, అది తిరిగొస్తుంది. "గత పన్నెండు నెలల్లో, బెయిలు వచ్చి ఏడు రోజుల్లో విడుదల కాలేదని జిల్లా లీగల్ సర్వీసెస్ అథారిటీకి తెలియజేసిన ఖైదీల సంఖ్య, నెలవారీగా." ఇంతే రాయి. లెక్క వాళ్ల దగ్గర ఉన్న రూపంలోనే అడుగు. కొత్తగా లెక్కగట్టి ఇమ్మంటే "సమాచారం క్రోడీకరించలేదు" అని ఒక్క ముక్కలో పంపేస్తారు. ఇదే ప్రశ్న లీగల్ సర్వీసెస్ అథారిటీకీ వేరే అర్జీగా పంపు. రెండు ఆఫీసుల అంకెలూ కలవవు చూడు. ఎందుకు కలవలేదు అన్నదే నీ అసలు రీసెర్చ్. జవాబు రాకపోతే మొదటి అప్పీలు. నిరాశపడటానికి అప్పుడే తొందరేం లేదు.

ఇంకొకటి. జిల్లా లీగల్ సర్వీసెస్ వాళ్లు పారా లీగల్ వాలంటీర్లను తీసుకుంటారు. లా చదవనక్కర్లేదు, ట్రైనింగు వాళ్లే ఇస్తారు. ఎంపిక ఎప్పుడో కనుక్కుని పేరు ఇవ్వు. తెలుగూ కన్నడం రెండూ వచ్చినవాళ్లు దొరికితే వాళ్లకు పండగే. ఎదుటి మనిషితో సొంత భాషలో పావుగంట మాట్లాడితే బయటపడే సంగతులు ఫైల్లో ఎప్పుడూ ఉండవు. నా క్లయింటు ఒకతనికి బెయిలు వచ్చిందన్న సంగతే తెలియదు. కోర్టులో కన్నడంలో చెప్పారు, అతను ఇంకో వాయిదా పడిందనుకున్నాడు. నేను కాగితం చూసి చెప్పేసరికి నలభై రోజులు గడిచాయి. ఏడుస్తాడనుకున్నాను, నవ్వాడు.

ఎంఏ గురించి ఒక్క మాట. రెండేళ్లు వాలంటీరుగా తిరిగాక చేరితే ఏం చదవాలో నీకే తెలుస్తుంది. వరంగల్‌లో లెక్కలు చెప్పుకునే బాలగోపాల్ గారు పౌరహక్కుల్లోకి వచ్చారు, లాయరు కోటు వేసుకున్నది ఆ తర్వాత చాన్నాళ్లకు. లెక్కల మనిషికి ఈ దారి కొత్త కాదు.

ఒక జాగ్రత్త, ఇది నా తప్పులోంచి చెప్తున్నాను. చాలా ఏళ్ల కిందట ఒక విలేకరి అడిగితే నా క్లయింటు కథ చెప్పాను. పేరు రాయొద్దన్నాను, రాయలేదు. ఊరు, చేసే పని, నాన్న కులవృత్తి రాశాడు. మంచి మనసుతోనే రాశాడు. ఆ ఊళ్లో చదివినవాళ్లకు పేరెందుకు? అతని చెల్లెలి సంబంధం తప్పిపోయింది. ఆ పిల్ల తర్వాత నాకు ఎప్పుడూ ఎదురుపడలేదు, పడితే ఏం చెప్పాలో ఇప్పటికీ తెలియదు. మీ అబ్బాయి కథను నువ్వు సోషల్ మీడియాలో పెట్టొద్దు, ప్రాజెక్టులో వాడొద్దు. బయటికొచ్చి, నిలదొక్కుకుని, అప్పుడు అతనే సరే అంటే చూద్దువు. లోపల ఉన్న మనిషి నీకు "సరే" అనడం సరే కాదు, నువ్వు తప్ప దిక్కు లేక అంటాడు.

ఇక అమ్మ. ఆవిడ మీద కోపం పెట్టుకోకు. "దొంగలు" అన్న మాట ఆవిడ సొంతంగా కనిపెట్టింది కాదు. మన స్టువర్టుపురం సంగతి ఆవిడ తరానికి బాగా తెలుసు. 1871లో మొదలైన నేరజాతుల చట్టాలతో ఎరుకల వాళ్లలాంటి జాతులకు జాతులనే పుట్టుకతో నేరస్తులని తెల్లవాళ్లు రాసేశారు. 1952లో ఆ చట్టాలు పోయాయి, మాట పోలేదు. జైలు మాన్యువళ్లలో అయితే కులాన్ని బట్టి ఊడ్చే పని, వండే పని పంచే రాతలు మొన్న మొన్నటి దాకా ఉన్నాయి. సుకన్యా శాంత అనే జర్నలిస్టు 2020లో వాటిని వెలికి తీసి రాసి, తర్వాత తనే కోర్టుకెళ్తే, 2024 అక్టోబరు 3న సుప్రీంకోర్టు కొట్టేసింది. జైలు రిజిస్టర్లలో కులం గడి తీసేయమంది.

ఇదంతా అమ్మకు ఉపన్యాసంగా చెప్పకు, వినదు. వాళ్ల పక్కింటి ఆవిడ కొడుకే కదా లోపల ఉన్నది. "ఆ పిన్నిని ఒకసారి పలకరించి రా అమ్మా" అని పంపు, చాలు. అమ్మ "ఫోను పోగొట్టుకున్నవాళ్ల సంగతేంటి?" అంటుంది. అంటే అననీ, అది న్యాయమైన మాటే. కేసు తేలితే ఆ ఫోన్లవాళ్లకూ మేలే. బెయిలు కాగితం పట్టుకుని ఇతను లోపల కూర్చున్నంత మాత్రాన వాళ్ల ఫోన్లు దొరకవు. అతను తప్పు చేశాడా లేదా అన్నది నువ్వూ నేనూ తేల్చేది కాదు. తెలిసే కొన్నాడేమో కూడా. ఆ అనుమానం ఉంచుకుని కూడా అతని కోసం తిరగగలిగితేనే ఈ పనిలోకి రా.

సోమవారం ఒక పూట సెలవు పెట్టుకుని లీగల్ సర్వీసెస్ ఆఫీసుకు వెళ్లు. వాళ్ల నాన్నను పాసుబుక్కు ఒరిజినల్, ఆధార్, రెండు ఫోటోలు తెచ్చుకోమను. కాగితాలు పాడవుతాయని లామినేషన్ చేయించొద్దని గట్టిగా చెప్పు, మనవాళ్లకు ఆ పిచ్చి ఉంది, వెరిఫికేషన్ దగ్గర లేనిపోని పేచీ. పిటిషన్ వేశాక కొత్త వాయిదా తేదీ రాసుకో. బయటికొచ్చాక ఒక్క వాయిదాకు రాకపోయినా వారెంటు వస్తుంది, ఇంత కష్టమూ గంగపాలు.

ఆ అబ్బాయి రూము ఈపాటికి పోయి ఉంటుంది, డెలివరీ యాప్‌లో ఐడీ ఆపేసి ఉంటారు, బండి ఈఎంఐ మూడు నెలలది నిలిచి ఉంటుంది. మీరందరూ షూరిటీ గొడవలో పడి ఇది అడగడం మర్చిపోయి ఉంటారు. వచ్చే ములాఖత్‌లో అడుగు, బయటికొచ్చిన రాత్రి ఎక్కడ పడుకుంటాడో.